ఆర్నెల్లూ ఏ చూరు కింద?

పద్నాలుగో భాగం

రెండో తన్నుకి తలుపు గడియ సగం ఊడింది.

"టాన్సీ, తొట్టిలోకి!" అంది రేలీన్.

తొమ్మిదేళ్ల టాన్సీకి మరోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. టోర్నడో సైరన్ మోగినప్పుడు చేసినట్టే దిండు నెత్తిన పెట్టుకుని స్నానాల గదిలోకి పరిగెత్తి, తొట్టిలో ముడుచుకుని పడుకుంది. ఆ ట్రైలర్ ఇంట్లో సుడిగాలి వచ్చినా, తండ్రి వచ్చినా దాక్కోవడానికి ఉన్న చోటు అదొక్కటే.

"తియ్యవే! నా ఇంటి తలుపు నాకే వేస్తావా?" బయట కార్డెల్ అరిచాడు.

"ఇది నీ ఇల్లు కాదు. జూలై నుంచి నీ ఇల్లు రోడ్డవతల, మీ అమ్మ దగ్గర. అక్కడికెళ్లి అరుచుకో."

మూడో తన్నుకి గడియ ఎగిరి పొయ్యి కింద పడింది.

కార్డెల్ లోపలికొచ్చాడు. రాత్రంతా కోళ్ల షెడ్లలో పని చేసి అట్నుంచటే టౌనుకి వెళ్లినట్టున్నాడు. చొక్కాకి ఈకలు అంటుకునే ఉన్నాయి. మోచేతుల దాకా కోడిగోళ్ల గీతలు. ఒక్కో చేత్తో నాలుగేసి కోళ్లను కాళ్లు పట్టి ఎత్తి బోనుల్లోకి విసిరే చేతులవి. ఎడమ చేతిలో కాగితాలున్నాయి. కుడి చేతిలో ఏమీ లేదు. రేలీన్ కుడి చేతినే చూస్తోంది.

"పన్ను కాగితంలో పాప నంబరు వాడేశావు" అన్నాడు. ఈసారి అరవలేదు. వాడు అరవకపోతేనే భయపడాలని ఆమెకి పదేళ్ల కాపురం నేర్పింది.

"వాడాను. పిల్ల నా దగ్గరుంది. నా పన్ను కాగితంలో రాసుకున్నాను."

"నా కాగితాన్ని తిప్పి పంపారు. 'ఈ పిల్లను ఇంకెవరో ముందే చూపించుకున్నారండీ' అంది పన్ను కాగితాలు రాసే షాపులో పిల్ల. పదిమంది ముందు. నవ్వుతూ!"

"పెళ్లాం లేదు, పిల్లని ఒంటరిగా పెంచుతున్నాను అని రాయించావటగా. నవ్వక ఏడుస్తుందా?"

కార్డెల్ దవడ కదిలింది.

"ట్రక్కు అమ్మినవాడు దాన్ని వెనక్కి లాక్కున్నాడు" అన్నాడు. "పన్ను డబ్బు వస్తుందనే మాట మీద పదిరోజుల క్రితం తాళాలిచ్చాడు. ఇవాళ నా చేతిలోంచే లాక్కున్నాడు. మా గ్యాంగంతా చూస్తోంది. డస్టీగాడు ఏమన్నాడో తెలుసా? 'కోళ్ల బోనులో ఒక అర ఖాళీగా ఉందిరా కార్డెల్, ఎక్కు, ఇంటి దగ్గర దింపేస్తాం' అన్నాడు."

మిల్‌రోయ్ ఊళ్లో ఫిబ్రవరి వచ్చిందంటే అందరిదీ ఒకటే ఎదురుచూపు. తక్కువ సంపాదన వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే పన్ను క్రెడిట్ డబ్బు కోసం. ఏడాదంతా పుచ్చిపోయిన పళ్లు, అరిగిపోయిన టైర్లు ఆ డబ్బు కోసమే ఆగి ఉంటాయి. కార్డెల్‌కి ట్రక్కు కావాలి. రేలీన్‌కి ఫోర్ట్ స్మిత్‌లో బట్టలుతికే షాపు మీది రెండు గదులు కావాలి. ఇంటివాడు నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఈ ట్రైలర్ అత్తగారి స్థలంలో ఉంది. తలుపుకి ఎన్ని గడియలు వేసినా కార్డెల్ కాలికి అందే దూరంలోనే ఉంటుంది. గంట దూరంలో, వాడికి తెలియని వీధిలో, తనకీ పిల్లకీ ఒక తలుపు కావాలి. అంతకుమించి ఆమె ఆ డబ్బుని ఏమీ అడగలేదు.

"సరే, అయిందేదో అయింది" కార్డెల్ కాగితాలు బల్ల మీద పరిచాడు. "షాపు పిల్లే దారి చెప్పింది. కలిసి కాపురం చేస్తున్న మొగుడూ పెళ్లాలు ఎవరికి వాళ్లు వేస్తే ఆ క్రెడిట్ ఒక్క సెంటు రాదట. ఇద్దరూ ఒకే కాగితం మీద వేస్తే వస్తుందట. నీది తప్పుల కాగితం. ఇదిగో, ఇది కరెక్టుది. సంతకం పెట్టు."

"కలిసుంటేగా! సంవత్సరంలో చివరి ఆర్నెల్లు మొగుడు వేరే ఇంట్లో ఉండి, పిల్ల నాతో ఉంటే నేనొక్కదాన్నే వేసుకోవచ్చు. నా కాగితం రాసిన మిస్టర్ హోలిస్ పుస్తకం తీసి వేలు పెట్టి చూపించాడు."

"పుస్తకమా? నా దగ్గరా ఉంది పుస్తకం."

చంకలోంచి తీసి ఆమె ముందు విసిరాడు. నున్నటి అట్ట. చర్చిలో ప్రతి కుటుంబం ఫొటో, కింద పేర్లు, ఇంటి చిరునామా వేసి అచ్చేసిన ఆల్బమ్.

పదిహేడో పేజీ దానంతటదే తెరుచుకుంది. నీలం తెర ముందు కార్డెల్, రేలీన్, మధ్యలో టాన్సీ. కింద ముగ్గురి పేర్లు. ఆ కింద ఈ ట్రైలర్ చిరునామా.

రేలీన్ వేలు ఆ చిరునామా మీద ఆగిపోయింది.

అక్టోబర్‌లో ఫొటోలవాడు చర్చి హాల్లో లైట్లు పెట్టుకుని కూర్చున్నప్పుడు, అత్తగారు వెర్నా ఈ గుమ్మంలో నిలబడి బతిమాలింది. ఒక్క ఫొటో, అర నిమిషం, ఊళ్లో నా తల తీసెయ్యకు అంది. రేలీన్ సరే అంది. విడిగా ఉంటున్న సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసినా ఆల్బమ్‌లో మాత్రం ఎవరి కుటుంబమూ విరిగి కనపడకూడదు. అది అక్కడి మర్యాద.

"అక్టోబర్. నీ ఆర్నెల్లలోదే" అన్నాడు కార్డెల్. "ఇంకా ఉంది. మా అమ్మ రాసిచ్చిన కాగితం. 'నా కొడుకు ఏడాదంతా పెళ్లాం బిడ్డలతోనే ఉన్నాడు.' సంతకం చూడు."

చూసింది. వెర్నా సంతకమే. వంకర వేళ్లతో పెట్టిన సంతకం.

"మిస్ వెర్నా ఇలా రాయదు." అత్తగారిని కూడా 'మిస్' అనే పిలవడం అక్కడి అలవాటు.

"రాసింది. పెన్ను పట్టుకో."

"పెట్టను."

"రేలీన్."

"పెట్టను కార్డెల్. ఆ డబ్బు నీ పేరు మీదికి పోయిందంటే నేనూ నా కూతురూ ఈ తలుపు వెనకాలే చస్తాం."

వాడు ఆమె జుట్టు పట్టుకుని వంటగట్టు దగ్గరికి ఈడ్చాడు. సొరుగు లాగాడు. చెంచాలు గలగల్లాడాయి. పెన్ను తీస్తాడనుకుంది. ఆమె కుడి చేతిని సొరుగు అంచు మీద పెట్టి, మోకాలితో మూశాడు.

మొదటిసారి ఆమె అరిచింది. రెండోసారి గొంతు రాలేదు.

స్నానాల గదిలోంచి "అమ్మా?" అని వినిపించింది. రేలీన్ పళ్లు బిగించి, "లేవకు తల్లీ. ఇంకా గాలి తగ్గలేదు" అంది.

కార్డెల్ వెనక్కి జరిగాడు. చూపుడు వేలు, నడిమి వేలు ఉండాల్సిన వైపు లేవు. వాడు వాటిని చూశాడు. బల్ల మీది పెన్ను చూశాడు. అప్పుడు గానీ తాను చేసిన పనేమిటో వాడి బుర్రకెక్కలేదు.

రేలీన్ నవ్వింది. నొప్పికి కళ్లు బైర్లు కమ్ముతున్నా నవ్వు ఆగలేదు.

"ఇప్పుడు పెట్టించు సంతకం! దేంతో పెట్టను? నోటితోనా?"

"ఎడమ చేత్తో పెట్టు."

"పెడతాను. నా సంతకం అది కాదని ఆ నవ్వే పిల్లే నీ మొహాన కొడుతుంది. మళ్లీ పదిమంది ముందు."

లెంపకాయ కొట్టాడు. కింద పడింది. వాడు మేకుకి వేలాడుతున్న ఆమె కారు తాళాలు, బల్ల మీది ఆల్బమ్, తల్లి రాసిన కాగితం తీసుకున్నాడు.

"నీ చేత పెట్టించేదేంటి! నువ్వు పంపిన కాగితాన్నే వెనక్కి లాగిస్తాను. ఆ ముసలి హోలిస్ చేతే చింపిస్తాను."

కారు కంకర రోడ్డు మీద రాళ్లు ఎగజిమ్ముతూ టౌను వైపు పోయింది.

* * *

వెర్నా వచ్చేసరికి రేలీన్ నేల మీదే కూర్చుని ఉంది. ఒళ్లో చెయ్యి, చేతి మీద గడ్డకట్టిన బఠాణీల పొట్లం. టాన్సీ పక్కన కూర్చుని పొట్లం జారకుండా పట్టుకుంది.

వెర్నాకి అరవై ఆరు. రేలీన్ ఇప్పుడు కోళ్ల ఫ్యాక్టరీలో తొడల ఎముకలు తీసే వరుసలోనే ఆమె ముప్ఫై ఏళ్లు కత్తి పట్టింది. ఇంట్లో కూడా మెడకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని ఉంది. గుమ్మంలోనే ఆగి గడియ వంక చూసింది.

"కొత్త గడియ. మొన్న జనవరిలో నేనే వేయించాను."

"మంచి గడియే మిస్ వెర్నా. మూడు తన్నులు ఆగింది."

వెర్నా వంగి చెయ్యి చూసింది. మొహం చిట్లించి, టాన్సీ వైపు తిరిగింది.

"నువ్వు నానమ్మ ఇంటికి పద. టీవీలో బొమ్మలు పెడతాను. జీడిపప్పు బిస్కెట్లు అలమరలో ఉన్నాయి."

"అమ్మ కూడా వస్తుందా?"

"అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి గంటలో తెచ్చేస్తాను. తలుపు తాళం వేసి వెళ్తాం. ఎవరొచ్చినా తియ్యకు."

"ఎవరొచ్చినా" అంది రేలీన్ కూడా. "చర్చి వాళ్లొచ్చినా సరే. విన్నావా?"

టాన్సీ తలూపింది. రోడ్డు దాటించి, లోపల కూర్చోబెట్టి, తాళం వేసి, తలుపు రెండుసార్లు తోసి చూసి వెర్నా తిరిగొచ్చింది. అప్పటిదాకా రేలీన్ తన నోరు ఆపుకుంది.

"ఫొటోకి నిలబడమన్నది మీరే."

"నేనే."

"ఇవాళ దాన్ని నా మొహాన కొట్టాడు."

"నలభై ఏళ్లుగా చర్చిలో అదే బెంచీ మీద కూర్చుంటున్నాను అమ్మాయ్. ఆ ఆల్బమ్‌లో నా కొడుకు ఒంటరిగా నిలబడి ఉంటే, పాట పాడుతూ కూడా అందరూ నా వంకే..."

"ఒంటరిగా నిలబడితే ఏమయ్యేది? నా రెండు వేళ్లు నిలబడి ఉండేవి."

వెర్నా వంగి, రేలీన్ చంక కింద చెయ్యి వేసింది. ఆమెని లేవదీసి తన పాత కారు దాకా నడిపించింది. కారు కంకర రోడ్డు దాటి తారు రోడ్డెక్కింది. కోళ్ల లారీ ఒకటి ఎదురుగా పోయింది. తెల్ల ఈకలు అద్దం మీద పడ్డాయి.

"ఆ కాగితం మీరెందుకు రాశారు?" అంది రేలీన్.

వెర్నా రోడ్డునే చూస్తోంది.

"మీరు చెప్పకపోయినా నాకు తెలుసు. కొడుకు. కన్నపేగు. నేనెవరు, బయటి నుంచి వచ్చినదాన్ని."

"మాట్లాడకు. చెయ్యి ఎత్తి పట్టుకో, రక్తం కిందికి దిగుతుంది."

"నా మాటకి జవాబు చెప్పండి!"

"వాడి నాన్న నన్ను కొట్టినప్పుడు నేనూ మా అత్తగారిని ఇలాగే అడిగాను" అంది వెర్నా. "జవాబు చెప్పకుండానే పోయింది ముసల్ది. మరీ ఎక్కువగా అడగకు."

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఎడమకి ఆస్పత్రి. కుడికి అగ్నిమాపక కేంద్రం. శనివారాల్లో ఫైరింజన్లు బయటపెట్టి, లోపల బల్ల వేసుకుని హోలిస్ పేదవాళ్ల పన్ను కాగితాలు ఉచితంగా రాసిపెడతాడు. ఒంటిగంట దాకా కూర్చుంటాడు. ఇప్పుడు పన్నెండున్నర.

వెర్నా ఎడమకి తిరగలేదు. కుడికీ తిరగలేదు. వెనక బండివాడు హారన్ కొట్టాడు.

"ఆ ముసలాయన్ని వాడు కొడతాడా?" అంది.

"ఎదురు మాట్లాడితే కొడతాడు. మిస్టర్ హోలిస్ ఎదురు మాట్లాడతాడు."

"చెయ్యి ఇంకో అరగంట ఓర్చుకోగలవా?"

రేలీన్ తలుపు పిడిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంది.

"తిప్పండి" అంది.

* * *

రేలీన్ కారు ఫైరింజన్ పక్కన అడ్డదిడ్డంగా ఆగి ఉంది. లోపల వరుసలో కూర్చోవాల్సిన నలుగురు గోడకి అతుక్కుని నిలబడ్డారు. హోలిస్ కళ్లద్దాలు నేల మీద రెండు ముక్కలై ఉన్నాయి. డెబ్బై ఏళ్ల ఆ లెక్కల మాస్టారి కాలర్ కార్డెల్ గుప్పిట్లో ఉంది.

"నొక్కు. వెనక్కి రప్పించు."

"కార్డెల్, పంపేసిన కాగితం నేను వెనక్కి తేలేను" హోలిస్ గొంతు బిగుసుకుపోయి ఉన్నా, మాట మాత్రం బడిలో చెప్పినంత నిదానంగానే ఉంది. "తప్పుంటే దిద్దాల్సింది రేలీన్. నేనూ కాదు, నువ్వూ కాదు. ఏడో తరగతిలోనూ నీకిదే కష్టం. పక్కవాడి పలక మీద దిద్దడానికి వెళ్లేవాడివి."

గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కార్డెల్ హోలిస్ తలని బల్లకేసి కొట్టాడు. ఆ నవ్వు అక్కడే తెగిపోయింది.

"వదులు" అంది వెర్నా.

కార్డెల్ తిరిగి చూశాడు. తల్లిని చూసి వదిలాడు. తల్లి మాట విని కాదు. ఆమె తన సాక్షి అనుకుని.

"బాగా వచ్చావమ్మా. చెప్పు. నువ్వు రాసింది నువ్వే చెప్పు ఈయనకి."

హోలిస్ నుదుటి మీది రక్తం చేతిరుమాలుతో అద్దుకున్నాడు. రేలీన్ చెయ్యి చూసి లేవబోయాడు. ఆమె వద్దని తలూపింది.

"రేలీన్, నిన్ను అడక్క తప్పదు" అన్నాడు. "ఇతను చూపించిన ఫొటో..."

"నిజమే సార్. నిలబడ్డాను. ఫొటో దిగి, ఆ హాలు గుమ్మంలోంచే ఎవరి దారిన వాళ్లం వెళ్లాం."

"అబద్ధం!"

"అయితే చెప్పు కార్డెల్" అన్నాడు హోలిస్. "కోళ్లు పట్టే వ్యాను రోజూ రాత్రి ఎవరి వాకిట్లో హారన్ కొడుతుంది? మీ అమ్మ వాకిట్లోనా, రేలీన్ వాకిట్లోనా? ఆ హారన్‌కి మీ రోడ్డు చివర ఉన్న నాకే మెలకువ వస్తుంది."

"కంకర మీదికి వ్యాను రాదు. అందుకని రోడ్డు మీద ఎక్కుతాను. రోడ్డు మీద ఎక్కితే కాపురం రోడ్డు మీదేనా?" కార్డెల్ గోడ వైపు చూసి నవ్వాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అదీ నిజమే కావచ్చు. పన్నుల వాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న. ఆ ఆర్నెల్లూ నీ ఇల్లు ఏది? పనికోసం నాలుగు రోజులు బయటుంటే వేరుపడినట్టు కాదు. వేరే ఇల్లు చేసుకుంటేనే వేరు. మీ అమ్మ రాసిందాన్ని బట్టి నువ్వు వేరుపడలేదు. ఆ కాగితం నిలబడితే రేలీన్‌కి రావాల్సింది రాదు." హోలిస్ వెర్నా వైపు తిరిగాడు. "మిస్ వెర్నా, ఈ సంతకం మీదేనా?"

"నాదే."

రేలీన్ కళ్లు మూసుకుంది.

వెర్నా మెడ మీది మఫ్లర్ తీసింది. గొంతుకి రెండు వైపులా నల్లగా కమిలిన వేళ్ల గుర్తులు. ఒకవైపు నాలుగు, ఒకవైపు ఒకటి.

"ఇవి కూడా రాసుకోండి మాస్టారూ. ఇవి ముందు. సంతకం తర్వాత."

గోడ దగ్గరున్న ఆడమనిషి "దేవుడా" అంది.

"అమ్మా." కార్డెల్ గొంతు సన్నబడింది.

"నన్ను పిలవకు. ఈయన అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను." ఆమె బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. "జూన్ ముప్ఫై. జూలై పండక్కి ముందే పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే బట్టల సంచితో వచ్చాడు. ముందు గది ఇచ్చాను. నా మంచం ఇచ్చాను. డిసెంబర్ ఆఖరు దాకా ఒక్క పూట కూడా ఈ పిల్ల ఇంట్లో పడుకోలేదు. తెల్లారి పని నుంచి వచ్చి నన్ను లేపుతున్నాడని, వాడికని వేరే తాళంచెవి చేయించాను. ఇల్లు కాకపోతే తాళంచెవి ఎవరైనా చేయిస్తారా?"

హోలిస్ రాశాడు. కళ్లద్దాలు లేక కాగితం ముక్కుకి ఆనించుకుని రాశాడు. రేలీన్ గుండెల మీంచి ఒక బరువు దిగింది. ఫోర్ట్ స్మిత్‌లోని ఆ రెండు గదుల కిటికీ కళ్ల ముందు ఒక్క క్షణం మెరిసింది.

"సంతకం పెట్టండి" అన్నాడు హోలిస్. వెర్నా పెట్టింది.

కార్డెల్ మీద పడతాడని అందరూ అనుకున్నారు. గోడ దగ్గరున్న మగవాళ్లిద్దరూ ఒకడుగు ముందుకేశారు కూడా. వాడు కదల్లేదు. తల్లినీ, పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వాళ్ల వెనక చూశాడు. గుమ్మం ఖాళీగా ఉంది. బయట వాళ్లొచ్చిన కారు కూడా ఖాళీగానే ఉంది.

నెమ్మదిగా వాడి మొహం విచ్చుకుంది.

"సరే మాస్టారూ. ఒప్పుకున్నాను" అన్నాడు. "నా ఇల్లు అదే. మా అమ్మే చెప్పింది, మీరే రాశారు, ఇంతమంది విన్నారు."

జేబులోంచి తల్లి చేయించిన తాళంచెవి తీసి బల్ల మీద ఒకసారి టకటకలాడించాడు.

"ఇంటికెళ్తున్నాను. నా ఇంటికి నేను వెళ్తే ఎవడాపుతాడు?"

గోడ దగ్గరి మగవాళ్లు పక్కకి తప్పుకున్నారు. ఆపాలని వాళ్లకి తట్టలేదు. బయట కారు గర్జించాక గానీ రేలీన్‌కి అర్థం కాలేదు.

"మిస్ వెర్నా! టాన్సీ!"

వెర్నా సంచిలో కారు తాళం వెతుకుతోంది. వంకర వేళ్లకి అది దొరకడం లేదు. దొరికి, జారి, బల్ల కిందికి పోయింది. రేలీన్ మోకాళ్ల మీద పడి, ఎడమ చేత్తో నేలంతా తడిమింది.

ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దని ఇద్దరూ ఆ పిల్లకి చెప్పి వచ్చారు. వాడికి ఎవరూ తియ్యక్కర్లేదు.